ఆలస్యంగా అందుకునే గొంతు

పాత రికార్డుల కొట్టు. బల్ల దగ్గర కొట్టు పెద్దాయన, ఈమధ్యే అన్నను పోగొట్టుకున్న అమ్మాయి. బయట బండిలో ఆమె నాన్న. అమ్మాయి తెచ్చిన పెట్టెలో ఉన్న ప్రతి రికార్డు మీదా పేరు కనపడకుండా తెల్లకాగితం అంటించి ఉంది.

"కాగితం పీకకండి బాబాయ్. అన్నయ్య అంటించింది."

"పీకకపోతే ఎవరు పాడారో ఎలా తెలుస్తుందమ్మా? డ్యాన్సు హాళ్లలో రికార్డులు వేసేవాళ్లకి ఇదో జబ్బు. పక్కవాడు చూసి అదే కొంటాడని పేరు మూసేస్తారు. మీ అన్నదీ అదే బాపతు."

"అన్నయ్య ఏ హాల్లోనూ వేయలేదు. గది తలుపేసుకుని వినేవాడు. పోయాక కూడా గోడవతల నుంచి వినిపిస్తోంది. లేచి వెళ్తే గది ఖాళీ."

"కొత్తలో అంతే. మా ఆవిడ పోయాక నాకు వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడేది. సరే, అన్నీ అమ్మేస్తావా?"

"నాన్న అమ్మేయమన్నాడు. బతిమాలితే ఒక్క సంచిలో పట్టినన్ని ఉంచుకోమన్నాడు. అన్నయ్య ప్రాణం పెట్టుకున్నవేవో చెవితో ఏరాలి. నేర్పండి."

"గువ్వా, అయిందా? బండి దారికి అడ్డంగా ఉంది."

"అయిపోవచ్చింది నాన్నా."

"గువ్వా? బాగుంది."

"ఇంట్లో పిలుపు. ముందు పాట వేయండి."

"విను మరి. ఇవన్నీ సోల్ పాటలే, అమెరికా నల్లవాళ్ల బాణీలో మనవాళ్లు తెలుగులో పాడినవి. కానీ అందులో రకాలున్నాయి. మీ అన్న నా దగ్గర కొన్నది నిదానం రకం. డ్రమ్ము కొట్టేవాడు అలిగిన అల్లుడిలా నడుస్తాడు, తొందరే ఉండదు. కింద ఆర్గన్ మోగుతుంటుంది. గొంతు ఏడుపుదాకా వచ్చి ఆగుతుంది, ఏడవదు. ఆ ఆగడంలోనే ఉంది కిటుకంతా. ఇదిగో, ఇది..."

"అన్నయ్యదే."

"అప్పుడేనా? పాడేవాడింకా నోరు విప్పలేదు."

"ఇది అన్నయ్యదే. సంచిలో పెట్టండి."

"సరే. ఇది?"

"కాదు."

"అదేంటమ్మా? అదే డ్రమ్ము, అదే ఆర్గన్."

"ఇది గోడవతల నుంచి ఎప్పుడూ రాలేదు."

"ఇది?"

"అన్నయ్యదే."

"ఇది గంతులేసే రకం. దానికీ దీనికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. నేను చెప్పిందేదీ నీ చెవికెక్కలేదు."

"ఎక్కింది బాబాయ్. కానీ వెనక పాడేవాళ్లలో ఒకావిడ ఉంది. అందరూ అందుకున్నాక, ఒక్క క్షణం ఆగి అందుకుంటుంది. వినండి... ఇదిగో."

"అవునే."

"మొదట వేసిన దాంట్లోనూ ఉంది."

"ఉండు, మళ్లీ వేస్తాను... ఉంది. ఇన్నేళ్లుగా ఇక్కడే కూర్చున్నాను, నా చెవిన పడలేదు. మీ అన్న రకం కోసం కొనలేదమ్మా. ఈ ఒక్క గొంతు కోసం కొన్నాడు. మిగతావన్నీ వెతుకులాటలో వచ్చి పడ్డవి."

"నన్ను జోకొట్టేటప్పుడు అలాగే పాడేవాడు. ఆగి, అప్పుడు అందుకునేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే మాట మార్చేసేవాడు."

"మీ అమ్మనడక్కపోయావా?"

"అమ్మ లేదు. నన్ను కని పురిట్లోనే పోయింది."

"అయ్యో."

"గువ్వా, ఇంకెంతసేపు? అన్నీ ఆయనకే ఇచ్చేసి వచ్చేయ్."

"వస్తున్నా నాన్నా."

"మీ నాన్న లోపలికి రాడేం?"

"పాట వినపడే చోటికి రాడు. అన్నయ్య గదిలోనూ అడుగు పెట్టలేదు. ఇంకేమన్నా ఉన్నాయా?"

"ఇదొక్కటే. బాగా అరిగిపోయింది, తెగ విన్నట్టున్నాడు. సగం గరగరే వస్తుంది."

"వేయండి."

"ఇందులో ఆవిడే ముందు నిలబడింది. పాట కాదు, ఇంకా మాటలే. ఈ పాటలకి అలవాటే అది, రెండు ముక్కలు కబురు చెప్పి అప్పుడు..."

"ఒక్క నిమిషం మాట్లాడకండి."

"ఏమందమ్మా? ఈ గరగరలో నాకేం తెలియలేదు."

"'మా గువ్వకి ఇవాళ్టితో నాలుగేళ్లు నిండాయి. నన్ను దాని దగ్గరికి రానివ్వరు. ఎక్కడున్నా వింటుందేమోనని పాడుతున్నాను' అంది."

"మీ అమ్మ పురిట్లోనే..."

"సూది మళ్లీ మొదట్లో పెట్టండి బాబాయ్. నాన్నా, ఒకసారి లోపలికి రా."