కేంపులో కంబళి

ఏటి మావా, అలాగ గుడ్లురుముతావు? నువ్వు బతికే ఉన్నావు కదా! ముందు కూకో. అన్నం చల్లారిపోతంది.

ఆ పక్కింటి గున్నమ్మ చెప్పీసినాదా? దాని కడుపులో మాట దాగితే కదా! ఔను, బొట్టు తుడిచీసినాను. గాజులు కొంగులో దోపీసినాను. విధవల వరసలో నిలబడ్డాను. నీకేటైనా అయ్యిందా? జొరమొచ్చిందేటి? చూడు, పప్పు మళ్ళీ ఏయించుకుంటన్నావు!

ఎందుకంటావేటి? విను మరి. మన ఫేక్టరీ క్వార్టర్ల సెక్టర్ ఆడోళ్ళం పాత చీరలు మూటలు కట్టుకొని రాయపూర్ అవతల కాందిశీకుల కేంపుకెల్లామా, అక్కడ ఛాయని ఒక గుంట. బెంగాలోళ్ళ పిల్ల. సరిహద్దు అవతల యుద్ధంలో మిలట్రీవోళ్ళు ఊరు తగలెట్టీసి మొగోళ్ళని అట్టుకుపోతే, చంటిదాన్ని ఎత్తుకొని పారొచ్చీసింది. పెనిమిటి ఉన్నాడో నేడో తెల్దు. డేరాలో కటిక నేల. చంటిది చలికి నీలంగా అయిపోనాది. ఏడవడానికీ ఓపిక నేదు మావా.

కంబళ్ళేమో ముందు విధవలకేనట! మిగతావోళ్ళకి మళ్ళీ లారీ వచ్చినప్పుడట. ఎవులెట్టారో గానీ ఆ రూలు! నీకు మొగుడున్నాడా నేడా అని చలి అడుగుతాదేటి?

"దీదీ, మొగుడు పోయాడని ఒక్క మాట అను, ఇచ్చీస్తారు" అని గున్నమ్మ హిందీలో నచ్చజెప్పింది. ఛాయ అననంటే అననంది. పాపిట్లో సింధూరం చేత్తో మూసీసుకుంది. అంటే నిజంగా పోతాడట.

మరి నా మొగుడు పోడేటి అంటావా? నువ్వు గట్టోడివి మావా. ఫర్నేసు కాడ ఇన్నేళ్ళు మాడినోడివి, నా మాటకి పోతావా?

కంబళ్ళిచ్చే సాహెబు ఏదో అడిగాడు. బెంగాలీ నాకేటొచ్చు? ముసుగు కిందకి లాగి ఏడిచీసినాను. పాపం, ఆయన మందంగా ఉన్నది చూసి మరీ ఇచ్చాడు. తెచ్చి చంటిదాన్ని చుట్టీసినాను. కాస్త వెచ్చబడ్డాక అది ఏడుపు లంకించుకుంది, ఓలమ్మో, డేరాలన్నీ దద్దరిల్లిపోనాయి!

నవ్వు, నవ్వు.

ఒక్కటే చెప్తాను, ఎవుల్తోనూ అనకు. బొట్టెట్టుకొనే తిరిగొచ్చాను గానీ, పవర్ హౌస్ కాడ బస్సు దిగీసి ఇంటికి రాలేదు. ఎల్లి ఫేక్టరీ గేటు కాడ నిలబడ్డాను. షిఫ్టు ఒదిలీసారు. అందరి సైకిళ్ళూ వచ్చీసాయి, నీది రాలేదు. బీడీ ముట్టించి ఎవుల్తోనో కబుర్లాడతన్నావు కాబోలు. నువ్వు కనబడ్డాకే సందులోంచి ఇంటికి పరుగెట్టాను.

ఆ కాసేపూ నాను ముత్తైదువునో కాదో నాకే తెల్దు మావా.

ఆ గుంట ఛాయ రోజూ అలాగే లెగుస్తాది, అలాగే తొంగుంటాది.