అరవై ఒకటి అని చెప్పిన కోచ్

"మోకాలి సంగతి ఇంకెన్నిసార్లు అడుగుతావు వెండెల్? బాగానే ఉందని రెండుసార్లు చెప్పాను. వచ్చిన పనేంటో చెప్పు."

అయోవాలోని ఆ చిన్న ఊళ్ళో పదేళ్ళ పిల్లల బేస్‌బాల్ జట్టుకు కోచ్ వెండెల్. శనివారం ఆటకు అంపైరుగా నిలబడ్డ లోర్నా ఇంటి మెట్ల మీద కూర్చుని అరగంటగా వాన గురించీ, మొక్కజొన్న గురించీ మాట్లాడుతున్నాడు. ఆవిడ బఠాణీలు ఒలుస్తోంది.

"కర్ట్ గురించండీ. టోబిన్ వాళ్ళ నాన్న."

"నేను బయటికి పంపినాయనా?"

"ఆయనే. సాయంత్రం ఆటల కమిటీ కూర్చుంటోందిగా. మీరు రాసిచ్చిన కాగితం చదివారంటే ఈ ఏడాదంతా మైదానం గేటు లోపలికి రానివ్వరు."

"రానివ్వరు. అందుకే రాశాను."

"కొంచెం... చూసీ చూడనట్టు వదిలేస్తే బాగుంటుందేమోనని."

"'ఈయనకు ప్రతివారం ఇదే పని, పంపించెయ్యండి' అని శనివారం నా చెవిలో అన్నదెవరు?"

"నేనే."

"మరి ఇవాళ ఇంత దయ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"దయ అని కాదు. తండ్రి కదా. కొడుకు ఆట చూసుకోవాలని ఉండదూ?"

"మిగతా తండ్రులకూ ఉంటుంది. వాళ్ళెవరూ కంచె పట్టుకుని ఊగలేదు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను ఈ అరుపులు. నాకు కళ్ళు లేవని వాళ్ళ కళ్ళజోళ్ళు నా మీదికి విసిరినవాళ్ళున్నారు."

"కర్ట్ మిమ్మల్ని ఏమైనా అన్నాడా?"

"నన్నేమీ అనలేదు. నీ మీదే అరిచాడు. పిల్లాడి లెక్క దాటిపోయింది, ఆపెయ్యమని."

"అవునండీ."

"ఆట ఆపి నిన్ను అడిగాను కూడా. పదేళ్ళవాడు ఒక ఆటలో డెబ్బై ఐదు బంతులకు మించి విసరకూడదు, ఎన్నయ్యాయి అని. అరవై ఒకటి అన్నావు. స్కోరు పుస్తకం తెచ్చి చూపించావు. నీ భార్య చేతిరాత."

"జోలీన్ పెన్సిల్‌తో రాస్తుందండీ."

"రాస్తే?"

"అంటే... పెన్సిల్ కదా అని."

"వెండెల్, ఇటు చూసి మాట్లాడు. ఎన్ని?"

"ఎనభై."

"జోలీన్ ఊరుకుందా?"

"వద్దంది. నేనే పుస్తకం లాక్కుని చెరిపి దిద్దాను. రెండు ఇన్నింగ్సులే మిగిలాయి. ఆ జట్టు మీద మనం గెలిచి పదకొండేళ్ళయింది. టోబిన్ విసురుతుంటే వాళ్ళకి బంతి కనిపించడం లేదు."

"ఆఖరికి ఎన్నయ్యాయి?"

"నూట మూడు."

"నొప్పి అని చెప్పలేదా వాడు?"

"చెప్పలేదు. చెయ్యి దులుపుకుంటుంటే చూశాను. బాగుందా అని అడిగాను. బాగుంది కోచ్ అన్నాడు. అలాగే అంటాడని నాకు తెలుసు. తెలిసే అడిగాను."

"ఇప్పుడెలా ఉంది?"

"నిన్న డాక్టరుకు చూపించారట. మోచేయి. కట్టు కట్టి, ఈ వేసవంతా బంతి ముట్టుకోవద్దన్నారట."

"అంటే నేను గేటు బయట నిలబెట్టింది నిజం చెప్పినవాణ్ణి."

"అవునండీ."

"నువ్వు చెబితే."

"నేను చెబితే."

"ఇవాళ కూడా నిజం చెప్పడానికి రాలేదు నువ్వు. నా కాగితం నా చేతే చింపించి, కర్ట్ దగ్గర మంచివాడివి అనిపించుకుందామని వచ్చావు."

"అలాగే వచ్చాను."

"చిన్నప్పుడు నేను నడిపే స్కూలు బస్సులోనూ ఇంతే నువ్వు. సీటు కోసేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడివి. దెబ్బలు పక్కవాడికి."

"కమిటీకి చెబుతాను. ఏడింటికి వెళ్ళి కర్ట్ ముందే చెబుతాను. జట్టు తీసేసుకున్నా సరే."

"తీసేసుకుంటారు."

"తీసుకోనీండి. ఒక్కటే అడుగుతాను లోర్నా గారూ. టోబిన్‌కి మాత్రం తెలియనివ్వకండి."

"ఈ గిన్నె పట్టుకో. ఇదిగో, ఈ చీటీ పొద్దున నా ఉత్తరాల డబ్బాలో ఉంది. చదువు."

"మీరే చదవండి. నా కళ్ళజోడు కారులో ఉంది."

"నీ చొక్కా జేబులో ఉంది."

"ఎవరిదండీ ఈ రాత? అక్షరాలన్నీ ఇలా పడిపోతున్నాయి."

"కుడిచేతికి కట్టు కట్టారు కదా, ఎడమచేత్తో రాశాడు. పైకి చదువు."

"'అంపైర్ గారికి. మా నాన్న లెక్క తప్పాడండీ. కోచ్ ఎప్పుడూ అబద్ధం చెప్పడు. నాన్నకి కూడా అదే చెప్పాను. ఇంక అరవనన్నాడు. దయచేసి ఆటకి రానివ్వండి.'"