గోదాము పట్టిన పైడినాయుడు అడగని మాట

తల్లీ నూకాంబికా, పండిన పంటకు కావలివి నీవు, పలికిన మాటకు సాక్షివి నీవు. చెరకు గడలో తీపిని దాచిన చేయి నీది, ఆ తీపిని మనుషుల చేతికి నమ్మి ఇచ్చిన దయ నీది. చెప్పే నా నాలుక తడబడనీయకు, వినే వీరి మనసు చెదరనీయకు. నీ గడప ముందు ఊరికంతటికీ మాట ఇచ్చి, ఆ మాట కోసం తల వంచిన శరగడం పైడినాయుడి కథ ఇది. చిత్తగించండి నాయనలారా.

పైడినాయుడు తీగలవానిపాలెంలో పొలానికి పెద్ద కాడు, మాటకు పెద్దంట. ఆ ఊరివారు మాఘమాసం వచ్చిందంటే గానుగలు కట్టి, చెరకు ఆడి, పెనాల మీద రసం కాచి బెల్లం దిమ్మలు తీసేవారంట. దిమ్మ వేడి ఆరకముందే బజారు వర్తకులు బండ్లు తోలుకొచ్చి ఎత్తుకుపోయేవారు. నలుదిక్కులా అందరి బెల్లమూ ఒక్కసారే దిగుతుంది గనుక అప్పుడు దానికి విలువ లేదు. వానలు వెళ్ళి పండుగలు వచ్చేదాకా ఎవడు దాచగలిగితే భాగ్యం వాడిది. కష్టం రైతుది, దాచే చోటు వర్తకుడిది, అదీ సంగతి. అప్పుడేమైందంటే, ఒక ఏడు పైడినాయుడు ఊరివారినందరినీ అమ్మవారి గుడి దగ్గర కూర్చోబెట్టి, మనమే బజారులో ఒక గోదాము అద్దెకు తీసుకుందాం, మన బెల్లం మనమే దాచుకుందాం, దసరాకి మనమే అమ్ముకుందాం అన్నాడంట. పోతే ఎవరిది పూచీ అని ఒకడు అడిగితే, లేచి అమ్మవారి గడప మీద చేయి వేసి, "మీరు నాకు ఎలాటి దిమ్మ ఇత్తారో అలాటి దిమ్మే మీ సేతిలో పెడతాను. ఇది నా మాట" అన్నాడంట. ఏడాది కష్టం ఒక్కడి మాట మీద నిలబెట్టిందంట ఆ ఊరు. అది ఎంత బరువో మీరే ఊహించుకోండి.

అందరూ ఒప్పుకున్నారు గానీ పైడినాయుడి వదిన అచ్చియ్యమ్మ ఒప్పుకోలేదు. పెనిమిటి కాలం చేశాక ఒంటి చేత్తో చెరకు పండిస్తున్న మనిషి ఆవిడ. నోరు కాస్త గట్టిది అనుకోండి. ఆవిడ ఏమందంటే, "పిల్లకి సమ్మందం సూత్తే ఏడు తరాలూ అడుగుతాం కదా మరిదీ. ఆ గోదాముకి ఏటడుగుతావు?" అందంట. అందరూ నవ్వారంట. పైడినాయుడు కూడా నవ్వి, నాకు తెలుసులే వదినా అన్నాడంట.

తెలియదని కాదమ్మా, అతడు తెలివితక్కువవాడని అనుకోకండి. బజారులో పొట్నూరి కామయ్యశెట్టిగారి గోదాము చూడబోయినప్పుడు అతడు చూడని చోటు లేదంట. జోడెడ్ల బండి లోపలికి వచ్చి తిరిగి మళ్ళగలదా అని బండి తోలించి చూశాడు. పైకప్పు పెంకుల మీద కడవలతో నీళ్ళు పోయించి కింద నిలబడి చుక్క రాలుతుందేమో చూశాడు. మూలమూలలా దివిటీ పట్టి ఎలుక బొరియలు వెదికాడు. వరద వచ్చిన ఏడు ఏరు ఎక్కడిదాకా ఎక్కిందో వీధివారిని అడిగాడు. దీపావళి దాకా ఖాళీ చేయమనకూడదు, తాళం మా దగ్గర ఉండాలి, కప్పు చెడితే బాగు చేయించే భారం మీది అని శెట్టిగారి చేత ఒప్పించాడంట. గోడలు పాలనురుగులా తెల్లగా ఉన్నాయి, అప్పుడే సున్నం కొట్టించారు. వాన చుక్క పడి నెలలైంది, ఎండలు మొదలయ్యాయి కదా, లోపల గాలి కొలిమిలో గాలిలా పొడిగా ఉందంట.

అన్నీ అడిగాడు, ఒక్కటి అడగలేదు. ఎందుకడగలేదంటే, ఆ బజారులో ఒక ఆచారం ఉండేదంట. కొత్తగా గోదాము పట్టేవాడు, ఇదివరకు ఇందులో ఎవరుండేవారు, ఏమి దాచారు, ఎందుకు వెళ్ళిపోయారు అని అడగకూడదు. అడిగితే వెళ్ళిపోయిన లక్ష్మి పేరు ఎత్తినట్టు, వచ్చే లక్ష్మి గడపలోనే నిలిచిపోతుందని వారి నమ్మకం. పాలు పొంగించి లోపల అడుగు పెట్టేదాకా ఆ ఊసు ఎవరూ ఎత్తరు. పైడినాయుడు గోదాములో అడుగు పెట్టే ఉదయం, పాలు పొయ్యి మీద ఉండగానే, ఇదివరకు ఆ గోదాములో ఉన్న గురువులు అనే వర్తకుడు అటుగా వచ్చి, "నాయుడూ, బెల్లం పెడతావంట గదా, ఒక మాట" అని నోరు తెరిచాడంట. పైడినాయుడు గబుక్కున రెండు చేతులూ జోడించి, "బాబూ, పాలు పొంగే వేళ. ఆ మాట వద్దు" అన్నాడంట. గురువులు, సరే నాయనా నీ ఇష్టం అని తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడంట. పాలు పొంగాయి. అందరూ సంతోషించారు. మంచి మాట ఒకటి గడప దాకా వచ్చి వెనక్కి పోయిందని ఒక్కరికీ తెలియదు.

ఇక బెల్లం చేర్చారు. ఎవరి దిమ్మ మీద వారి గుర్తు వేశారు. ముందుగా తెచ్చినవారివి లోపలి గోడకు ఆనించి పేర్చారు, ఆ తరువాతివి వాటి ముందు, ఆఖరుకు వచ్చినవి వాకిలి దగ్గర. చూడండి విధి ఎలాంటిదో. పైడినాయుణ్ణి అందరికన్నా ఎక్కువ నమ్మినవారు ముందే తెచ్చారు, వారి బెల్లం గోడకు తగిలింది. పైడినాయుడిదీ అక్కడే. ఊరంతా చేరాక తానొక్కతే మిగలలేక, అనుమానిస్తూ అనుమానిస్తూ ఆఖరి బండి తోలింది అచ్చియ్యమ్మ. ఆవిడది వాకిలి దగ్గర, గాలికి.

ఆషాఢం వచ్చింది. ముసురు పట్టింది. కప్పు ఒక్క చుక్క కారలేదంట, పైడినాయుడు గుండె నిబ్బరంగా ఉన్నాడంట. ఒకనాడు అచ్చియ్యమ్మ తన బెల్లం చూసుకుంటానని మరిదితో కూడా బజారుకు వచ్చింది. తలుపు తీశారు. తనది చూసుకుంది, బాగుంది. లోపలికి నడిచింది. కాలికి జిగురు తగిలింది. వంగి చూస్తే గోడ పొడుగునా బెల్లం కరిగి పాకమై నేల మీదకు పాకుతోందంట. గోడ మీద చేయి పెట్టింది, చేయి తడిసింది. తడిసిన వేలు నాలుకకు రాసుకుందంట. అప్పుడు మెల్లగా, "మరిదీ, ఈ గోడ ఉప్పుగున్నాది" అందంట.

పైడినాయుడు పరుగున శెట్టిగారి దగ్గరకు పోయాడు. శెట్టిగారు దాచలేదంట. గురువులు తాత కాలం నుంచీ అందులో సముద్రపుటుప్పు రాశులు పోశారు, ఇటుకలోకి ఉప్పు దిగిపోయింది, ఎన్ని సున్నాలు కొట్టినా వానగాలి సోకితే గోడ చెమ్మ పీలుస్తుంది అని చెప్పాడంట. మరి ముందే ఎందుకు చెప్పలేదు స్వామీ అంటే, శెట్టిగారు కళ్ళు దించుకుని, "నువ్వు అడగలేదు నాయుడూ. అడగనిది చెప్పకూడదని నాకూ ఆచారమే అడ్డొచ్చింది" అన్నాడంట. అడ్డొచ్చింది ఆచారమో ఆశో ఆయన మనసుకే తెలియాలి. మనం తీర్పు చెప్పొద్దు.

అప్పుడు పైడినాయుడి ముందు రెండు దారులున్నాయి అనుకోండి. బాగున్న బెల్లం వచ్చిన ధరకు తెగనమ్మి, ఊరికి ఏదో ఒకటి చెప్పుకోవడం ఒక దారి. ఉన్నదున్నట్టు చెప్పి ఊరి కాళ్ళ మీద పడటం ఒక దారి. అతడు రెండవదే పట్టాడంట. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా బండ్ల మీద తాటాకులు కప్పి, బెల్లమంతా ఊరికి చేర్పించి, కరిగినది కుండలకెత్తించి, మళ్ళీ అమ్మవారి గుడి దగ్గరే నిలబడ్డాడంట. అందరూ వచ్చారు. "కప్పు సూశాను, తాళం సూశాను, ఏరు సూశాను. ఇందులో ముందెవరున్నారని అడగనేదు. సెప్పొచ్చినోణ్ణి సేతులు జోడించి పంపేశాను. మీ దిమ్మలు నేను ఇయ్యనేను. నా పొలం ఉంది, నా ఎడ్లున్నాయి, తీసుకోండి" అన్నాడంట.

వాకిలి దగ్గర దిమ్మలున్నవారు, మా గుర్తులున్నవి మాకు ఇచ్చేయండి అన్నారంట. వారి తప్పేముంది, వారివే కదా. గోడ దగ్గరివారు తలలు దించుకున్నారు. ఊరు రెండుగా చీలిపోయేలా ఉంది. అప్పుడు అచ్చియ్యమ్మ లేచింది. ఇక మరిదిని ఏమంటుందోనని అందరూ ఆవిడ వైపు తిరిగారంట. ఆవిడ మరిదిని ఒక్క మాట అనలేదు. తన దిమ్మల దగ్గరకు పోయి, వాటి మీద ఉన్న తన గుర్తులు కొడవలితో చెక్కేయడం మొదలుపెట్టిందంట. ఇదేటమ్మా అని ఎవరో అడిగితే, "నమ్మినోళ్ళది కరిగింది. నమ్మనిదాన్ని, నాది మిగిలింది. ఇది పట్టుకెళ్ళి ఏ మొకంతో తింటాను? పెనం ఎట్టండి, కరిగింది మళ్ళీ కాద్దాం. మంచిదీ సెడ్డదీ ఇంటింటికీ సమంగా పంచండి" అందంట.

పొయ్యిలో తడిసిన చెరకు పిప్పి మండక ఆ పొగలో అందరి కళ్ళూ నీళ్ళు కారాయంట. పొగకే కారాయో ఏమో మరి. కాచిన బెల్లం నల్లగా దిగింది. మంచి దిమ్మలతో పాటు అది కూడా వంతులు వేసి, ఇంటింటా పొయ్యి మీది అటకల మీద పెట్టుకున్నారు. అనుకున్న భాగ్యం రాలేదు, అలాగని ఏ పొయ్యీ ఆరిపోలేదు. పైడినాయుడి పొలం, ఎడ్లు ఎవరూ ముట్టుకోలేదంట. ఆ దసరాకి తీగలవానిపాలెంలో ప్రతి ఇంటి పరమాన్నమూ కాస్త ఉప్పగా ఉందంట. ఒక్కరూ ఆ మాట పైకి అనలేదంట.

విన్నారు కదా. కప్పు నిలిచినా గోడ చెడగొట్టిన కథ ఇది, గోడ చెడగొట్టినా ఊరు నిలిచిన కథ కూడా ఇదే. విన్నవారి గాదెలు పొడిగా ఉండుగాక. అడగవలసిన వేళ మీ నోరు పెగులుగాక, చెప్పవచ్చినవాడికి మీ వాకిట పీట దొరుకుగాక. మీ ఇళ్ళలో తీపి తీపిగానే నిలుచుగాక. నూకాలమ్మ తల్లి మిమ్మల్ని, మీ బిడ్డల్ని, ఇక్కడికి రాలేక ఇంట్లో పనిలో ఉండిపోయినవారిని కూడా చల్లగా చూచుగాక.