పన్నెండుమంది కదపలేని బీరువా

"ఓటీటీలో సినిమా చూడ్డమంటే అద్దె కుర్చీలో కూర్చుని భోంచెయ్యడమేనయ్యా. ముద్ద నోటిదాకా వచ్చాక కుర్చీ లాగేసుకుపోతారు" అన్నాడు డిస్కుల బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, అందరికీ కనపడేలా కాస్త పక్కకి తిరిగి.

ఆదివారం మధ్యాహ్నం. సన్నగా వాన పడుతోంది. బస్సు డిపో ఎదురుగా ఉన్న టీ కొట్టులో రేకు కింద నలుగురే ఉన్నారు. కొట్టు నడిపే ఆవిడ, డ్యూటీ దిగిన బస్సు డ్రైవరు, పక్క సందులో బట్టలు కుట్టే టైలరు, ఇంకా బాబాయ్. మాట ఎత్తింది డ్రైవరే. ఇంటిల్లిపాదీ రెండు నెలలుగా చూస్తున్న సీరియల్ ఇంకా ఆరు భాగాలుండగానే ఓటీటీలోంచి మాయమైపోయిందట. "సబ్‌స్క్రిప్షన్ కడుతూనే ఉన్నాం బాబాయ్. నిన్నటిదాకా ఉంది. పొద్దున చూస్తే దాని బొమ్మ కూడా లేదు" అన్నాడు.

బాబాయ్‌కి ఆ మాత్రం సందు చాలు.

ఒకప్పుడు ఆ వీధి చివర ఆయన డిస్కులు అద్దెకిచ్చే కొట్టు నడిపాడు. కొట్టు మూసేసి ఏడేళ్ళయింది. పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ కొట్టున్న మేడలోనే పై అంతస్తులో రెండు గదుల్లో ఒక్కడే ఉంటున్నాడు. శుక్రవారం సాయంత్రం మెట్ల మీద ఎవరో ఎదురైతే "జారుతుంది, చూసుకుని దిగండి" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ మనిషితో నోరు తెరిచి మాట్లాడ్డం ఇదే. అందుకే మొదటి రెండు మాటలూ కాస్త బొంగురుగా వచ్చాయి. తర్వాత గొంతు దారిలో పడింది.

"నా దగ్గర ఆ గొడవ లేదు. డిస్కు కొన్నామంటే అది మనది. ఎవడబ్బ సొమ్మని పీకేస్తాడు? ఆమధ్య పెద్ద వాన పడి మన వీధిలో నెట్ పోయింది చూడు, ఆ సాయంత్రం మా ఎదురింటి పిల్లలు ఏడుపు లంకించుకుంటే, పోనీలే అని ఒక డిస్కు తీసి, పాత ప్రొజెక్టరు తుడిచి, మా పిట్టగోడ మీద నుంచి ఎదురు గోడ మీదకి సినిమా వేశాను. పదిమంది కూర్చున్నారు. అంతే."

"అంతేనా?" అన్నాడు టైలరు, బాబాయ్ అక్కడ ఆగడని తెలిసి.

"అంతే అనుకున్నా నేనూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పది కాస్తా వందైంది. వెనకవాళ్ళకి కనపడ్డం లేదని గోల. సరేనని ప్రొజెక్టరు కాస్త వెనక్కి జరిపా. బొమ్మ నాలుగంతస్తులంత అయింది. ఇంకా కనపడ్డం లేదన్నారు. ఇంకాస్త జరిపా. హీరో తలకాయ నీళ్ళ ట్యాంకు దాటి మబ్బుల మీద పడింది. అప్పుడు చూడాలి నా సామిరంగా, ఏడు వీధుల జనం మేడలెక్కి, పడుకుని చూశారయ్యా! మెడ నొప్పి కూడా లేదు. బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒక్క బస్సు మాత్రం ఆగకుండా మా వీధి చుట్టూనే పద్దెనిమిది సార్లు తిరిగింది. అది నువ్వు నడిపిందే."

"నేనా?" అన్నాడు డ్రైవరు.

"నీకు గుర్తుండదు. ఏడుస్తూ నడుపుతున్నావు. క్లైమాక్సు అట్లాంటిది."

అందరూ నవ్వారు. కొట్టావిడ గిన్నెలో చెంచా తిప్పుతూనే నవ్వింది. ఆ నవ్వు వింటే బాబాయ్‌కి ఒంట్లో ఎక్కడో దీపం వెలిగినట్టుంటుంది. ఇంట్లో టీవీ పొద్దస్తమానం నవ్వుతూనే ఉంటుంది, అది వేరు.

అప్పుడే ప్లంబరు తడిసిన పనిముట్ల సంచీతో లోపలికొచ్చి, తల తుడుచుకుంటూ బల్ల చివర కూర్చున్నాడు. బాబాయ్ అతనికి కూడా కలిపి గొంతు పెంచాడు.

"ఈ సంగతి ఆ ఓటీటీ కంపెనీకి తెలిసింది. ఎందుకు తెలియదు? ఆ సాయంత్రం వాళ్ళది ఒక్కడు కూడా చూడలేదు కదా! సరిగ్గా అప్పుడే వాళ్ళకి పెద్ద చిక్కొచ్చి పడింది. పిల్లల సీరియల్ ఒకటుంది, చెరువులో బాతు కుటుంబం. అందులో పెద్దమ్మ బాతుకి మన భాషలో గొంతిచ్చింది ఎవరనుకున్నారు? మా అక్క."

కొట్టావిడ చెయ్యి ఆగింది. "మీ అక్కయ్యగారా? ఇక్కడ కూర్చుని ఎన్నిసార్లు టీ తాగారో! ఒక్క మాట చెప్పలేదే!"

"అది చెప్పదు. మా ఇంట్లో గొప్పలన్నీ నా వాటా" అన్నాడు బాబాయ్. "చూడమ్మా, నలభై భాగాలు అది ఒక్కతే చెప్పింది. జలుబు చేసినా చెప్పింది. ఆ పాత డిస్కుల్లో ఉండేది దాని గొంతే. ఈ ఓటీటీ వాళ్ళేం చేశారు? బొమ్మ అదే ఉంచి, గొంతు మార్చేశారు. ఎవరో చిన్నపిల్లని పెట్టి మళ్ళీ చెప్పించారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్లలు అన్నం మానేశారు. ఒక ఇంట్లో కాదు, ఊళ్ళకి ఊళ్ళే. 'ఇది మా పెద్దమ్మ బాతు కాదు' అని బళ్ళలో పలకలు పక్కన పెట్టేశారు. డాక్టర్లు చేతులెత్తేశారు. నిజం బాతులు కూడా టీవీ ముందుకొచ్చి, విని, తల తిప్పుకుని వెళ్ళిపోయాయట!"

"బాతులకి టీవీ ఎవరు పెట్టారు బాబాయ్?" అన్నాడు టైలరు.

"వాటికీ సబ్‌స్క్రిప్షన్ అంటగట్టార్రా వాళ్ళు, వదుల్తారా? విను. ఒకరోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే పన్నెండుమంది. సూట్లు, బూట్లు. ముందు నిలబడ్డవాడు కంపెనీకి పెద్దట, మన వీధి చివరిదాకా ఉంది కారు. బూట్లు బయట విప్పమన్నాను. పన్నెండు జతలూ మెట్ల నిండా పేరుకుని కిందింటాయన రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేకపోయాడు. కూర్చోబెట్టాను, మంచినీళ్ళిచ్చాను. 'అయ్యా, ఆ పాత గొంతు ప్రపంచంలో మీ బీరువాలో తప్ప ఇంకెక్కడా లేదు. మీరిస్తేనే పిల్లలు బతుకుతారు' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బదులుగా జీవితాంతం ఉచితంగా చూసుకోమన్నాడు. నేనడిగాను: 'బాబూ, నా జీవితాంతమా, మీ కంపెనీ జీవితాంతమా?'"

డ్రైవరు బల్ల చరిచాడు. "అదీ దెబ్బ!"

"'కుదరదు, అది మా అక్క గొంతు, మా ఇంట్లోనే ఉంటుంది' అని లేచి నిలబడ్డాను. నిజానికి ఇచ్చేద్దునేమో. కానీ ఒకసారి గడప దాటితే మళ్ళీ వస్తుందా అది? రాదు." ఇక్కడ బాబాయ్ ఒక్క క్షణం గ్లాసులోకి చూశాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది. వెంటనే తల ఎత్తాడు. "అప్పుడు వాళ్ళు నన్ను మాటల్లో పెట్టి బీరువా బీరువానే ఎత్తుకుపోదామని చూశారు. నాలుగు వేల సినిమాలున్న బీరువా! పన్నెండుమందీ కోట్లు విప్పి, చొక్కా చేతులు మడిచి పట్టుకున్నారు. వెంట్రుకవాసి కదిలితే ఒట్టు. క్రేను తెప్పించారు. క్రేను ముందు చక్రాలు గాల్లోకి లేచాయి గానీ బీరువా లేవలేదు. ఆ గుంజుడికి గచ్చు జానెడు దిగబడి, కిందింటాయన ఫ్యాను ఆయన నెత్తికి తగిలింది. మేడంతా అటువైపు ఒరిగిపోయి, నీళ్ళన్నీ ఒక కొళాయిలోనే రావడం మొదలెట్టాయి. ఈవాళ్టికీ ఆ బీరువా ఎక్కడుందో అక్కడే ఉంది. భూమి ఇటు తిరగాల్సింది కాస్త అటు తిరుగుతోందంటే దాని బరువే!"

"ఏ బీరువా బాబాయ్?" అన్నాడు ప్లంబరు. "వంటగది గోడకి ఆనించి ఉన్న చెక్కదేనా?"

"అదే!"

"దాన్ని మొన్న మంగళవారం నేనొక్కణ్ణే జరిపాను కదా. ఒంటి చేత్తో."

టైలరు పకపకా నవ్వాడు. డ్రైవరు కూడా. ప్లంబరు నవ్వుల మధ్యలో, హుషారులో, ఇంకో మాట కూడా అనేశాడు. "పైపు దాని వెనకుంది. వాల్వు కట్టెయ్యమని మిమ్మల్ని కిందకి పంపి, ఇలా తోస్తే అలా వచ్చేసింది. పైనుంచి రెండు డబ్బాలు కింద పడ్డాయి. లోపల డిస్కులు పగిలాయేమోనని భయపడి తెరిచాను. ఏమీ లేవు. పక్కవి కూడా చూశాను. అన్నీ ఖాళీ కవర్లే."

అని, బాబాయ్ మొహం చూసి, నాలుక కరుచుకున్నాడు. టైలరు నవ్వు మధ్యలో తెగిపోయింది.

ఎన్నిసార్లు ఎన్ని కోతలు కోసినా, ఎంత పట్టుకున్నా, బాబాయ్ దగ్గర జవాబు ఉండేది. క్రేను అబద్ధమంటే రెండు క్రేన్లు తెచ్చేవాడు. ఇప్పుడూ నోరు తెరిచాడు. 'రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారయ్యా' అనొచ్చు. అందరూ ఊ కొట్టి, ఇంటికి వెళ్ళిపోతారు. తనూ వెళ్ళాలి. వెళ్ళి తాళం తీసి, ఆ బీరువా ఎదురుగా కూర్చోవాలి. అనబుద్ధి కాలేదు.

"నిజమే" అన్నాడు. "ఖాళీవే."

బాబాయ్ ఖాళీ గ్లాసు పక్కకి జరిపాడు.

"కొట్టు మూసేసిన ఏడాది టీవీలో సబ్‌స్క్రిప్షన్ పెట్టించాను. అన్ని సినిమాలూ అందులోనే వస్తున్నాయి, ఇంకా ఇవెందుకు, ఇంట్లో ఊపిరాడ్డం లేదు అంది అక్క. పాత సామాన్లవాడొచ్చాడు. డిస్కులు చాలు, కవర్లు వద్దన్నాడు. మూడు గోతాలు. బాతు సీరియల్ చేతికొస్తే అడిగాను, 'ఇదొక్కటీ ఉంచుదామా?' అని. 'ఎందుకురా, నేను ఇంట్లోనే ఉన్నానుగా, గొంతు వినాలనిపిస్తే పిలువు' అని అదే తీసి గోతంలో వేసింది."

బాబాయ్ చెప్పుకుపోతున్నాడు. ఈసారి చేతులు తిప్పడం లేదు, ఎవరి మొహంలోకీ చూడ్డం లేదు.

"అక్క పోయిన మూడో నెలలో ఆ సీరియల్ ఓటీటీలో వెతికాను. దొరికింది. బాతు వచ్చింది. నోరు తెరిచింది. ఎవరిదో గొంతు. మొదటి భాగం తప్పేమోనని నలభై భాగాలూ చూశాను. ఒక్క చోట కూడా అది లేదు. అది పనిచేసిన స్టూడియోకి వెళితే అక్కడ బట్టల షాపుంది. పాత సామాన్లవాణ్ణి అడిగితే ఆ డిస్కులన్నీ కరిగించేసుంటారన్నాడు. ఇప్పుడైతే ఆ కొత్త గొంతుదీ తీసేశారు." గ్లాసు అంచు తుడుస్తూ, "పన్నెండుమంది రాలేదు. ఎవరూ అడగలేదు" అన్నాడు.

ప్లంబరు సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ, "తెలియక అన్నాను బాబాయ్" అన్నాడు.

"నువ్వన్నది నిజమే కదయ్యా. కవర్ల మీద పేర్లన్నీ దాని చేతిరాత. అందుకే ఉంచాను."

కొట్టావిడ పొయ్యి తగ్గించి వచ్చి, ఆయన ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఆవిడ కొట్టులో ఆవిడే కూర్చోవడం ఇదివరకెప్పుడూ ఎవరూ చూడలేదు. "ఆ బాతు ఏమనేది బాబాయ్? ఎలా అనేది?"

బాబాయ్ నిటారుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. సన్నగా, ముక్కుతో మొదలెట్టబోయి ఆగాడు. కాస్త బరువుగా మొదలెట్టి మళ్ళీ ఆగాడు. చివరికి తన గొంతుతోనే, పుస్తకం చదివినట్టు అన్నాడు.

"'ఒరేయ్ చిన్నోడా, రెక్కలు దులుపుకుని లోపలికి రా, నేల ఇప్పుడే తుడిచాను.' ఇదీ మొదటి మాట. నలభై భాగాల్లోనూ అదన్న ప్రతి మాటా నాకు వచ్చమ్మా. ఎలా అనేదో అదే రావడం లేదు."