అంజయ్య పటేల్ ఇంట్లో ఎంతమంది

శామీర్‌పేట దాటాక అంజయ్య పటేల్ ఇంటి వరండా. ఆయన బిడ్డ సృజన తమ కులం కాని మహేందర్‌ను పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లికి పగబట్టి మహేందర్‌ను కొట్టి చంపిన కేసులో ఆమె అన్న అన్వేష్ బెయిలు మీద బయట ఉన్నాడు. ఇప్పుడు జనాభా లెక్కల ఫోన్ పట్టుకుని గడప ముందు నిలబడ్డ శోభారాణి టీచరు మహేందర్ తల్లి. కుర్చీ వేసినా ఆమె కూర్చోలేదు.

"నలుగురం అని చెప్పిన గదా టీచరమ్మా. నేను, నా పెండ్లాం, కొడుకు, బిడ్డ. ఎన్నిసార్లు అడుగుతవ్?"

"ఎవరినీ వదలొద్దని మాకు చెప్పిండ్రు పటేలా. పొత్తిళ్లలో ఉన్నవాళ్లను కూడా."

"పొత్తిళ్లల్ల ఎవ్వలు లేరు. జల్దీ కానీ, మేడ్చల్‌ల మీటింగుంది నాకు."

"మహేందర్ పోయిన దినమే సృజనను మీరు తీసుకొచ్చిండ్రు. అప్పుడు తను కడుపుతో ఉంది."

"పుట్టంగనే పోయిందని నీకు కబురు జేసిన. పోలీసోల్లకు చెప్పిన. బొంద సుత చూపిచ్చిన. ఇంకేం గావాలె?"

"బొంద చూసిన. అందులో ఎవరున్నరో నాకు తెల్వదు."

"ఈ వాడకు సర్కారుకు ఇంకెవ్వలు దొరకలేదా?"

"నాకే పడ్డది. మార్చమని నేను అడగలేదు."

"పగ దీర్చుకోనీకి వచ్చినవ్."

"లెక్కకు వచ్చిన. మీరు ఏం చెప్తే అదే ఫోన్‌ల కొడత. తప్పు అనే హక్కు నాకు లేదు. కులం చెప్పండి."

"తెల్వదా నీకు?"

"తెలిసినా మీ నోటి నుంచే రావాలె."

"నలుగురిది ఒకటే కులం, కొట్టుకో. అసలు గీ కులం లెక్కే వద్దంటిని నేను. అడిగితే ఊర్లల్ల లేని కొట్లాటలు లేస్తయంటిని. సర్కారు ఇనలె. ఇగ జేస్తున్నరు గాబట్టి మా తలకాయ ఒక్కటి తగ్గొద్దని మా కుల సంఘపోల్లకు చెప్పిన."

"గండిమైసమ్మ కాడ మా మహేందర్ బండి ఆపి మీ కొడుకు మొదలు అడిగింది కులమేనంట. ఏం కులంరా నీది, గట్టిగ చెప్పు అన్నడట. వాడు చెప్పిండట. చెప్పినంక కొట్టిండ్రు. అప్పటికి ఈ లెక్కలు మొదలు కాలేదు పటేలా."

"అది కోర్టు చూసుకుంటది. ఇక్కడ తియ్యకు."

"తియ్యను. మొఖం చూసి గుర్తు పట్టలేకపోయిన. చెయ్యి చూసి మావోడే అని చెప్పిన. అది ఇక్కడ తియ్యను."

"ఎవ్వలు నాయినా? ఓహో, మహేందర్‌గాని తల్లి, టీచరా? కుర్చీ సుత ఏసినవా?"

"అన్వేష్, నువ్వు లోపటికి పో."

"నా ఇంట్ల నేనెందుకు పోవాలె? ఏం రాసుకున్నవ్ టీచర్?"

"మీ నాయిన నలుగురు అన్నడు."

"నలుగురా? ఏంది నాయినా గిది? మైకు పట్టుకొని మొన్న పుట్టినోల్లను సుత రాయించుర్రి అంటివి. మనింట్లనే ఒకటి తగ్గిస్తవా?"

"నోరు ముయ్‌రా."

"ఎందుకు ముయ్యాలె? ఐదుగురం, రాసుకో టీచర్. ఆడపిల్ల. నీ కొడుకు బిడ్డనే. కులం మాత్రం మాది రాయి. నీ చేత్తోని నువ్వే రాయి. వాన్ని రోడ్డు మీద పండవెట్టిన, వాని బిడ్డను మా కులంల కలుపుకున్న. ఇగ మీకేం మిగిలింది?"

"బతికి ఉందా?"

"వాడు పొద్దుగాలనే తాగిండు టీచరమ్మా. వాని మాట పట్టుకోకు. నలుగురమే. ఇగ నడువు."

"పటేలా, బతికి ఉందా?"

"నడువు అంటున్న గదా."

"చూడకుండ పోను."

"ఏయ్, ఏం నొక్కుతున్నవ్? పోలీసోల్లకా? ఆ ఫోను ఇటియ్యి."

"నువ్వు చెప్పిందే కొడుతున్న. ఐదుగురు అని. చెయ్యి వదులు అన్వేష్."

"ఇయ్యి అన్న."

"నేల మీద కొట్టి పగలగొట్టుకో. ఇంకో ఫోన్ ఇస్తరు, మళ్లీ వస్త. చెయ్యి వదులు, విరుగుతది."

"విరగనీ. ఆ దినం వాడు సుత గిట్లనే అన్నడు. వదులన్నా, వదులన్నా అని. అన్న అంట. ఎవ్వనికిరా అన్న అని నోటి మీదనే కొట్టిన. మల్ల అనలె."

"అన్వేష్, వదిలెయ్‌రా. గోడ పొంటి మంది చూస్తున్నరు. బెయిలు మీదున్నవు నువ్వు."

"చూడనీ నాయినా. ఒక్కనికి ఉన్న కేసే, ఇద్దరికైతే ఏమైతది? మోకాళ్ల మీద కూసోవెట్టి గొంతు—"

"అన్నా, ఆమె మీదికెల్లి చెయ్యి తియ్యి."

"సృజనా? నిన్నెవ్వలు బయిటికి రానిచ్చిండ్రు? అర్ర గొళ్లెం ఎవ్వలు తీసిండ్రు?"

"అమ్మ తీసింది. దగ్గరికి రాకు. ఒక చేతుల బిడ్డుంది, ఒక చేతుల కొడవలుంది. ఏది ముందు లేస్తదో నాకే తెల్వదు."

"సృజనా, నేను నీ నాయినను. కొడవలి ఇటియ్యి బిడ్డా."

"మీరు సుత రాకుర్రి నాయినా. ఆ రాత్రి మహేందర్‌ను కొట్టిన రాడ్డు కడిగింది మీరే. బోరింగు చప్పుడు నేనిన్న."

"సృజనా, నా దిక్కు చూడు. చెయ్యికి ఏం కాలేదు, బాగానే ఉన్న. కొడవలి కింద పెట్టు. వాళ్లు చేసింది నువ్వు చెయ్యకు. పిల్లకు తల్లి కావాలె."

"పెడత. వాన్ని గేటు అవుతలికి పొమ్మను, పెడత."

"వాడు పోడు. నువ్వే నా పక్కకు వచ్చి నిలబడు. ఆఁ, అట్ల. పిల్ల నుదురు మహేందర్‌దే. ఇప్పుడు నా పని నన్ను చెయ్యనీ. పిల్లది ఏం కులం రాయమంటవ్?"

"దాన్నేం అడుగుతవ్? ఇంటికి పెద్దను నేను. నేను చెప్పిందే రాయాలె. మా కులమే. కొట్టు, ఐదుగురం."

"నాయిన చెప్పింది తప్పు. అన్న చెప్పింది సుత తప్పే. ఈ ఇంట్ల ముగ్గురే ఉంటరు అత్తమ్మా. నన్ను, నా బిడ్డను మీ ఇంట్ల రాసుకోర్రి."