భాగం పోని సంఖ్య

లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి బూట్లు విప్పుతున్నాడు. భార్య తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇవాళ కూడా ఆ సంఖ్యేనా?"

"అదే. ప్రధాన సంఖ్య అవునో కాదో తేలి చావడం లేదు. వారం నుంచి నేనూ, సైన్సు టీచరూ స్కూల్లో కూర్చుని భాగిస్తూనే ఉన్నాం."

"దేనితోనూ భాగం పోవడం లేదా?"

"ఒకటితో పోతుంది, దానితో అది పోతుంది. ఇంకేదీ దొరకలేదు."

"ఏదీ, ఒకసారి చెప్పండి."

"నీకెందుకే ఆ గోల?"

"ఊరికే. చెవిన వేసుకుంటాను."

"ఏడు కోట్ల నలభై రెండు లక్షల పదమూడు వేల ఎనిమిది వందల పదకొండు. చాలా?"

"ఏడూ నాలుగూ పదకొండు, రెండు పదమూడు, ఒకటి పద్నాలుగు, మూడు పదిహేడు, ఎనిమిది ఇరవై అయిదు, ఒకటీ ఒకటీ ఇరవై ఏడు. అంకెల మొత్తం ఇరవై ఏడంటే, మూడుతో నిక్షేపంగా పోతుంది కదండీ? పెళ్ళయిన కొత్తలో ఈ కిటుకు నేర్పింది మీరే."

"అంటే... కంగారులో ఏదో అంకె తప్పు చెప్పుంటాను."

"అయ్యుండొచ్చు. ఇందాక ఆ సైన్సు టీచరు వాళ్ళాయన ఫోన్ చేశాడు. ఆవిడ కూడా ఇంట్లో ఇదే చెబుతోందట, పెద్ద సంఖ్యను భాగిస్తున్నామని."

"చూశావా! ఇంకా నా మీద అనుమానం దేనికి?"

"ఆవిడ చెప్పినదానికి చివర సున్నా ఉందటండీ."