పొడి తినకూడని ఆవు

జనం నన్ను సూసి నగకుండా యెట్లుంటారు డాక్టరమ్మా! పేడ తూకమేసే పని నాకు పెట్టింది నువ్వే గదా? నెలకి ఏడు దినాలు! ఆవు తోకెత్తితే సాలు, నేను గంప పట్టుకోని ఉరకల్ల. "చౌడమ్మక్కా, కిలో ఎంత?" అని ఈదంతా ఒగటే ఎగతాళి.

"ఎంత తినింది, ఎంత ఇడిసింది, ఒంటికి ఎంత పట్టింది, అదే పరీచ్చ" అంటివి. నాకుండే రెండావుల్లో సుక్కికి దినామూ మేతలో నువ్విచ్చిన అరుగుదల పొడి, బూదికి ఉత్త మేత. అట్లయితేనే పొడి గొప్ప తెలిసేదంటివి. సరే అంటి.

బూది సంగతి నీకేం తెలుసు? రెండేండ్లు సూడి కట్టలా. ఎముకలు లెక్కపెట్టొచ్చు. తిన్న మొక్కజొన్న తిన్నట్టే పేడలో పడతాండె. మా ఆయప్ప, నా మొగుడు మునిరత్నం "పుంగనూరు సంతకి తోల్తా, ఇంగ సాకేది నా వల్ల గాదు" అనె. ఆ సంత నుంచి ఒట్టిపోయిన ఆవు యాడికి పోతాదో నీకు నేను సెప్పల్నా? కాళ్ళా యేళ్ళా పడి నాలుగు నెలలు ఆపినా.

ఇప్పుడు నువ్వు బూదిని సెయ్యి పెట్టి సూసి "చౌడమ్మా, సూడి! మూడో నెల!" అంటివే, నా కాళ్ళు నేల మీద నిలస్తాండాయా? అదో, మా ఆయప్పను సూడు, గోడ పక్కకి తిరిగి తువ్వాలుతో మొగం తుడుసుకుంటాండాడు. తోల్తానన్న మనిషే!

తూకాల పుస్తకం తిరగేస్తా ఎందుకట్లా తల గోక్కుంటాండావు? ఏమీ? పొడి తినని ఆవు గూడా ఇంత బాగయిందంటే పొడి వల్ల లాభం లేనట్టేనా? మదనపల్లి డాక్టర్ల మీటింగులో అదే సెప్తావా?

అయ్యో, వద్దు తల్లీ! నిలు, నిలు. పెన్ను పక్కన పెట్టు.

నాలుగో దినం సుక్కికి పొడి కలిపి పెడతాంటే, బూది మెడ సాపి నా మోసెయ్యి నాలికతో నాకె. నేనేం సేద్దును సెప్పు? సుక్కి తొట్లోది సగం తీసి దీనికేసినా. ఆ పొద్దు నుంచి దినామూ సగం సగమే. పదిదినాలకే పేడ నున్నగయ్యె, నెల దాటినంక ఎదకొచ్చె.

కోప్పడు, పడతా. నీ నాలుగు నెలల కష్టం పాడు సేస్తినని తిట్టు. మళ్ళా మొదట్నుంచి సేద్దామంటావా, సేద్దాం. అయితే ఒగదానికి పెట్టి ఇంగోదాన్ని సూస్తా కూసోమంటే మాత్రం, ఇంగోతూరీ ఇదే సేస్తానమ్మా, సత్తెంగా!